మా పెరట్లో ఇనుము పుట్టిన సంగతి

మొన్న మనుమరాలి బడిలో ప్రదర్శన ఉందంటే వెళ్లాను. పూర్వీకులు ఇనుము తీసిన విధానమని రాసిపెట్టి, థర్మకోలుతో కొలిమి చేసి, మంట కోసం లోపల ఎర్ర బల్బు వెలిగించారు. పిల్లలను ఏమనగలం గాని, ఆ చల్లని కొలిమిని చూస్తే నాకు మాత్రం ఒళ్లు మండింది, ఎందుకంటే నిజం కొలిమి ఎంత సతాయిస్తుందో నా రెక్కలకు తెలుసు.

ప్రత్యేక రాష్ట్రం కోసం బొగ్గు గనులన్నీ ఆగిపోయిన సమ్మె రోజులవి. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, గోదావరిఖని క్వార్టర్లలో మగవాళ్లంతా ధర్నాకు వెళ్లివచ్చి పేకాటకు కూర్చునేవారు. మా ఆయనకు మాత్రం కమాన్‌పూర్ దగ్గరి తన సొంతూరు మీదికి మనసు పోయింది. ఆ ఊరు ఓపెన్‌కాస్టు గని కింద పోబోతోంది. ఊరి బయట కరిగి గడ్డకట్టిన చిట్టెపు రాళ్ల దిబ్బ ఒకటి ఉండేది. వెనకట అక్కడ రాయి కరిగించి ఇనుము తీశారని పెద్దలు చెప్పేవారు గాని, ఎలా తీశారో చెప్పగలవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. ఆ దిబ్బ పోకముందే తన చేతులతో చేసి తెలుసుకోవాలని ఆయన పట్టుపట్టారు. తెలుసుకోవడం ఆయనది, చాకిరీ నాది.

అక్కడి మట్టీ, ఇనుమున్న నల్లరాళ్లూ బస్తాల్లో స్కూటరు మీద తెచ్చి, పెరట్లో నా బెండ మొక్కలు పీకేసి నడుమెత్తు కొలిమి కట్టారు. వానకు కూలింది. వరిగడ్డి కలిపి మళ్లీ కడితే ఎండకు పగిలింది. ఇంకొకటి ఎట్లాగో నిలబడేసరికి కట్టెబొగ్గు కావాలన్నారు.

"ఊరు నిండ బొగ్గు వెట్టుకొని కట్టెబొగ్గు కొనుడేందయ్యా?" అన్నాను.

"గా నేలబొగ్గు మన తాతలకు తెల్వది. వాళ్లు ఎట్ల చేసిండ్రో గట్లనే చెయ్యాలె, లేకుంటె మనకేం తెలుస్తది?"

ఇస్త్రీ బండ్ల దగ్గర అడిగి తెచ్చిన బొగ్గూ, దంచని రాళ్లూ పోసి, తోలు తిత్తులు నా చేతికిచ్చారు. పొద్దుటి నుంచి మాపటి దాకా ఊదితే గాజులాంటి చిట్టెం దిగింది తప్ప ఇనుము జాడ లేదు. ఆరేసిన బట్టలన్నీ మసిబారితే పక్క క్వార్టరు అక్క గోడ మీదుగా, "ఏందే, నీ మొగడు సమ్మెల సుత డ్యూటీ ఎక్కిండా?" అని అరిచింది.

ఆ కోపమంతా మిగిలిన రాళ్ల మీద తీర్చుకున్నాను. సుత్తె తీసుకుని ఒక్కో రాయినీ చింతగింజలంత ముక్కలయ్యేదాకా దంచాను. ఆయన వాటిని ముందు కట్టెల మంటలో కాల్చి, ఆ తర్వాత కొలిమిలో పోశారు. తిత్తుల దగ్గర నా రెక్కలు పడిపోతుంటే, మళ్లీ తిట్టడానికి వచ్చిన అక్కే "జరుగే, సస్తవ్" అని నన్ను పక్కకు తోసి కూర్చుంది, తిడుతూనే ఊదింది. కొలిమి పగలగొడితే అడుగున పిడికెడు ముద్ద, తేనెపట్టులా బొక్కలు బొక్కలుగా, ఎర్రగా కనిపించింది. సుత్తెతో కొడితే సగం పొడిపొడిగా రాలిపోయింది. మిగిలింది రాలలేదు, సాగింది.

ఆయన ఆ ముక్కను పట్టకారుతో తిప్పి తిప్పి చూశారు. తర్వాత మెల్లగా, "ఆ కాలంల గీ రాళ్లు దంచింది ఆడోళ్లే అయ్యుంటరు," అన్నారు.

రాళ్లు దంచాలని ముందే తోచి ఉంటే మొదటిసారి చాకిరీ అయినా తప్పేది కదా అని విసుక్కున్నాను గాని, అరచేతుల్లో బొబ్బలు చూసుకుంటే, పేరైనా తెలియని ఆ ఆడవాళ్లకూ ఇలాగే మండి ఉంటాయనిపించింది.

ఊరూ పోయింది, దిబ్బా పోయింది, ఆయనా పోయారు. ఇప్పుడు మంచిర్యాలలో మూడో అంతస్తులో ఉంటున్నాను. పొగ లేదు, మసి లేదు. పక్కింటివాళ్లు మర్యాదస్తులు, ఎదురైతే నవ్వి తలుపు వేసుకుంటారు. నాతో పోట్లాడేంత చనువు ఎవరికీ లేదు.