కన్నుకొట్టు బాబాయి రెండో కన్ను

అందరూ ఆయన్ని కన్నుకొట్టు బాబాయి అంటారు. పేరు విని తప్పుగా అనుకోకండి. పెళ్ళి ఫొటోలు తీయడం ఆయన వృత్తి. ఆయన కెమెరాలో చూసే కిటికీ ఎడమ మూలన ఉంటుంది. అక్కడ కుడికన్ను ఆనిస్తే ఎడమకన్ను కెమెరా పక్కనుంచి బయటికి కనిపిస్తుంది. కొయ్యబారి నిలబడ్డ చుట్టాలకు ఆ ఎడమకన్ను ఠపీమని కొడతాడు. ముసలమ్మలు సైతం "నీ దుంపతెగ!" అంటూ ఫక్కున నవ్వుతారు. అప్పుడు నొక్కుతాడు. ముప్పై ఏళ్ళుగా ఆయన తింటున్న అన్నం ఆ నవ్వుల్లోంచి పుట్టిందే.

పోయినేడు కుడికన్ను మొరాయించింది. ఎవరి ముఖం చూసినా ముక్కూ మూతీ ఉండాల్సిన చోట బూడిదరంగు మరక. "ఉన్న చూపు నిలబెడతాం. పోయింది మాత్రం రాదు," అని కళ్ళ డాక్టరు తేల్చేశాడు.

"ఇంక చాల్లెండి. స్టూడియోలో కూర్చుని ఫ్రేములు కట్టుకోండి," అంది భార్య. పెళ్ళిళ్ళలో లైటు పట్టుకునేది ఆవిడే.

"ఎడమకన్ను ఏం పాపం చేసింది? దానికీ చూడ్డం వచ్చు."

"ముప్పై ఏళ్ళుగా కొట్టడం తప్ప దానికేం వచ్చండీ?"

ఆయన మొండిఘటం. ఎడమకన్నుతో ఓనమాలు మొదలుపెట్టాడు. ముక్కు వచ్చి కెమెరా వెనక తీసిన ఫొటో కనిపించే అద్దానికి గుద్దుకునేది. అద్దమంతా జిడ్డు. మెడ పట్టేసేది. వంటింట్లో గిన్నెల్ని తీశాడు, ఆరేసిన బట్టల్ని తీశాడు, పక్కింటి పిల్లిని తీశాడు. మొదట్లో తోక వచ్చేది, పిల్లి వచ్చేది కాదు. వదల్లేదు. చివరికి పిల్లికే విసుగొచ్చి కదలకుండా కూర్చుంది. దాని మీసాలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా వచ్చాయి.

అప్పుడే ఒక పిల్ల స్టూడియోకి వచ్చింది. చేతిలో వాళ్ళ అమ్మానాన్నల పెళ్ళి ఫొటో. తీసింది ఈయనే.

"బాబాయ్, మా అమ్మ నోరారా నవ్విన ఫొటో ఇదొక్కటే. నా పెళ్ళికీ మీరే తీయాలి. ఆవిణ్ణి ఇంకోసారి ఇలా నవ్వించాలి."

ఆయన దాచలేదు. "కుడికన్ను పోయిందమ్మా. ఆలోచించుకో."

"రెండోది ఉందిగా?"

"ఉంది."

"అయితే ఇంకేం!"

ఆ పిల్ల వెళ్ళాక భార్యకు మాటిచ్చాడు. "ఈ పెళ్ళి చెడగొట్టానా, కెమెరా బీరువాలో పెట్టేసి తాళం నీకిచ్చేస్తా."

పెళ్ళిరోజు రానే వచ్చింది. అది రిజిస్టరు పెళ్ళి. సంతకాల ఫొటోలు బాగా కుదిరాయి. కలం మొన దగ్గర్నుంచి పెళ్ళికూతురి కనురెప్ప దాకా అన్నీ స్పష్టం. కానీ ముఖాలు! బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా పాస్‌పోర్టు ఫొటోకి వచ్చినట్టున్నారు. అలవాటు కొద్దీ కన్ను కొట్టాడు. ఈసారి ఖాళీగా ఉన్నది కుడికన్ను. ఎవరూ నవ్వలేదు. మళ్ళీ కొట్టాడు. పెళ్ళికూతురి తల్లి పెదాలు కుట్టేసినట్టే ఉన్నాయి.

పెళ్ళికొడుకు అన్న దగ్గరికొచ్చాడు. "ఏమనుకోకండి బాబాయిగారూ, కుదరకపోతే చెప్పండి. మావాడొకడు ఫోన్‌తోనే అదరగొడతాడు."

"ఫోనెక్కడికీ పోదు బాబూ. నేనూ పోను."

భార్య లైటు దించింది. "ఏమండీ, మీరెన్ని కొడితే ఏం లాభం? మీ మొహమంతా కెమెరా వెనకే ఉంది. వాళ్ళకి కనిపించేది ఆ పెట్టె ఒక్కటే!"

నిజమే. చూపు కోసం పడ్డ యాతనలో నవ్వు సంగతే మరిచిపోయాడు. పిల్లి నవ్వదుగా మరి!

తర్వాత మెట్ల మీద రెండు కుటుంబాల ఫొటో. అందర్నీ వరుసల్లో నిలబెట్టాడు. స్టాండు తెచ్చి కెమెరా బిగించాడు. ముక్కు నలిగేలా ఎడమకన్ను ఆనించి ముఖం ముఖం సరిచూశాడు. చివర మీట ఉన్న పొడవాటి తీగ తగిలించాడు. కెమెరాని దాని మానాన వదిలేసి పక్కకొచ్చి, నిండు ముఖంతో వాళ్ళ ఎదుట నిలబడ్డాడు.

పెళ్ళికూతురి తల్లినే చూస్తూ అన్నాడు. "ఏమ్మా, గుర్తున్నానా? నీ పెళ్ళిలో ఎడమకన్ను కొట్టాను. ఇప్పుడది చూసే ఉద్యోగంలో చేరింది. ఈ కుడికన్ను రిటైరైంది. ఊరికే కూర్చోబెట్టి మేపలేక దీనికి కొట్టే పని అప్పజెప్పాను."

ఠపీమని కొట్టాడు. అలవాటు లేని కన్ను కదా, దాంతోపాటు సగం మూతి, ఒక చెవి కూడా కదిలాయి.

"ఇంకా మారలేదా మీరు!" అంటూ ఆ తల్లి తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి నవ్వింది. ఆ నవ్వు మెట్టు మెట్టూ దిగి కింద వరుస దాకా పాకింది. మీట నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. పెళ్ళికొడుకు అన్న నవ్వాపుకోబోయాడు. ఫొటోలో అతను నవ్వుతున్నాడో తుమ్ముతున్నాడో ఇప్పటికీ తెలియదు.

పెళ్ళికూతురు పరుగున వచ్చి కెమెరా అద్దంలోకి తొంగిచూసింది. "బాబాయ్! అమ్మ చివరి పన్ను దాకా కనిపిస్తోంది!"

ఇంతలో పై హాల్లో పాట మొదలైంది. కుర్రకారంతా గంతులేస్తూ అటు పరుగెత్తారు.

"ఆ తొక్కిసలాటలో స్టాండు కుదరదు. ఏం చేస్తారు?" అంది భార్య.

"చూద్దాం. ముందు నువ్వు లైటెత్తు."

అద్దం మీది జిడ్డు చొక్కా అంచుతో తుడిచి, కెమెరా మళ్ళీ ముక్కుకి గుద్దిపెట్టి, జనంలోకి దూరిపోయాడు.