కాలవ మీద మెట్లు

మా వీధిలో కాలవ కార్పొరేషన్‌ది. దాని మీద మెట్లు మాత్రం ఎవరివి వాళ్లవి. తిరుచానూరు పోయే దారి పక్కన ఉండాది మా వీధి. ఎగువ కొనలో మేము, దిగువన పల్లంలో మా అక్క వాళ్లు. మిగతా వాళ్లు కాలవ మీద బండలు పరుచుకున్నారు, లేపితే లేస్తాయి. మా నాయన మాత్రం సిమెంటు పోసి, నల్ల గ్రానైట్‌తో మూడు మెట్లు కట్టించినాడు, రోడ్డు మీదికి ఒక మూర జరిపి మరీ. సాయంత్రమైతే బనియన్‌తో ఆడ కూర్చుని పోయేవాళ్లను పలకరించడమే ఆయనకు రాజ్యం. "నా మెట్లు" అంటాడు. యాడ నీ మెట్లు? కింద పారేది ఊరందరి మురికి!

ఆ మెట్ల కింద పార పట్టదు. పూడిక అట్లే బిగుసుకుపోయింది. వానొస్తే కాలవ పొంగి, నీళ్లు రోడ్డు పట్టుకుని నేరుగా అక్క ఇంట్లో దూరతాయి. పోయిన కార్తీకానికి అక్క పచ్చి బాలింత. బావది సత్యవేడు దగ్గర ఫ్యాక్టరీలో పని, వారానికి ఒకసారి వస్తాడు.

వానలు ముదరకముందే కార్పొరేషన్ వాళ్లు జేసీబీతో వచ్చినారు. ముందే నోటీసిచ్చినారు, నాయన చించి పారేసినాడు. కాలవ మీద ఎవరేం కట్టినా పీకేసే హక్కు వాళ్లకుండాది, పీకకపోతే తిట్లు తినేదీ వాళ్లే. నాయన మెట్ల మీద అడ్డంగా పడుకుని "నా మీద ఎక్కించండ్రా" అని అరిచినాడు. వీధంతా ఆయన పక్కే నిలబడింది, ఆయన మెట్లు పోతే తర్వాత తమ బండలే కదా.

ఒక పనివాడు "లెయ్ పెద్దాయనా, మా పని మమ్మల్ని చేసుకోనీ" అని చెయ్యి పట్టుకున్నాడు. నాయన లేచినాడు. వాని చేతిలో పార లాక్కుని తలకాయ మీద కొట్టినాడు. చెవి దాకా చీలింది. నెత్తురు గ్రానైట్ మీద కారింది. జనం చప్పట్లు కొట్టినారబ్బా, చప్పట్లు! జేసీబీ అద్దం రాళ్లతో పగలగొట్టినారు. వచ్చినోళ్లు ఆ మనిషిని ఎత్తుకుని పారిపోయినారు. పెద్దమనుషులు కూర్చుని కేసు లేకుండా రాజీ చేసినారు. నాయన బకెట్ నీళ్లతో మెట్లు కడిగి, కాఫీ అడిగినాడు.

అక్క ఫోన్లో ఏడ్చింది. "తియ్యనీ నాయనా, పసిబిడ్డ ఉండాడు."

"మీ ఇల్లు పల్లంలో ఉంటే నా మెట్లేం చేస్తాయమ్మే?" అన్నాడు.

తుపాను వాన పట్టుకుంది. రెండో రోజు పొద్దున అక్క మోకాలిలోతు నీళ్లలో నడిచి వచ్చింది, చంకలో పిల్లోడు. వాన్ని నా చేతుల్లో పెట్టి "మంచం కోళ్లు మునిగినాయి మే" అనింది. పెరట్లోకి పోయి గడ్డపార తెచ్చి, పై మెట్టు మీద వేసింది.

నాయన బయటికొచ్చినాడు. "ఏమ్మే, పిచ్చి పట్టిందా?"

"పట్టింది."

గ్రానైట్ పగిలింది. నాయన తలుపు వెనక కర్ర తీసి అక్క వీపు మీద కొట్టినాడు. బాలింత వీపు మీద! అక్క ఆగలేదు. మళ్లీ కొట్టినాడు. "కార్పొరేషనోన్ని కొట్టినావు కదా, నన్నూ కొట్టు" అంటానే పొడిచింది. నేను పిల్లోన్ని అమ్మకిచ్చి, నాయన గొంతు పట్టుకుని తలుపుకేసి అదిమినాను. కండ్లు తేలేసినాడు. నాకు వదలబుద్ధి కాలేదు. అమ్మ నా జుట్టు పట్టి లాగితే వదిలినాను. చప్పట్లు కొట్టిన వీధి కిటికీల్లోంచి చూస్తా ఉండింది.

మూడో మెట్టు కూలినాక నల్లటి బురద, పరుపు ముక్కలు, ప్లాస్టిక్ కప్పులు గడ్డలుగా బయటపడినాయి. రోడ్డు మీది నీళ్లు గుడగుడమని కాలవలోకి దిగినాయి. అక్క గడ్డపార ఆడనే పారేసి, పిల్లోన్ని తీసుకుని పోయింది. రవిక వీపంతా నెత్తురు.

ఇప్పుడు మా గడప ముందర నడుములోతు గుంత. మేము పెరటి సందులోంచి తిరుగుతా ఉండాము. పిల్లోనికి పేరు పెట్టే నాడు నాయన నాతో ఫోన్ చేయించినాడు. "ఇంటికి రమ్మను, బిడ్డను చూడాల."

"ఎక్కేదానికి మెట్లు లేవు కదా" అనింది అక్క. "ఆయన్నే దిగిరమ్మను."

పిల్లోనికి పండ్లు కూడా వచ్చేసినాయి. నాయన ఇంకా దిగిరాలేదు.