ఫ్యాను దేనికి ప్రతీక?

మా రాంచందర్ సారుకు ఏ వస్తువూ వస్తువులా కనిపించదు. ప్రతిదీ ఇంకోదానికి ప్రతీకే. సుల్తానాబాద్‌లోని మా చిన్న ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆయన తెలుగు చెప్తాడు, నేను కామర్స్ చెప్తాను. స్టాఫ్ రూములో పక్కపక్క కుర్చీలు మావి. నా అలసటకు మొదటి కారణం ఆయన. రెండో కారణం ఇంకా దొరకలేదు.

ఒక మధ్యాహ్నం నేను డబ్బా మూత తీస్తే తొంగి చూశాడు.

"మళ్ల వంకాయనేనా, లింగమూర్తి సార్?"

"అవు సార్."

"అది వంకాయ గాదు సార్. మీ ఇంట్ల మేడం నోరు విప్పకుంట చేస్తున్న నిరసన."

ఆ పూట నాకు ముద్ద దిగలేదు. సాయంత్రం ఇంటికి పోయి మా ఆవిడను "నా మీద కోపమొచ్చిందా?" అని అడిగాను. అప్పటిదాకా రాలేదట, అప్పుడు వచ్చింది.

అటెండర్ రాయమల్లు ఒకసారి చాయ్‌లో చక్కెర మరిచిపోతే, "గిది మన కాలానికి ప్రతీక" అని మెచ్చుకుని మరీ తాగాడు. ఆ మెప్పుతో రాయమల్లు చక్కెర వేయడమే మానేశాడు. తాగలేక చచ్చింది మిగిలిన మేము.

అలాంటి మనిషి చేతికి ఈ ఏడాది బీకాం పిల్లల ఉపవాచకంగా ఒక నవల వచ్చింది. కథ చెప్పేది పదిహేనేళ్ల పిల్లవాడు. వాడి మనసు అందరి మనసులా నడవదు. ఎవరి కళ్లలోకీ చూడడు, అన్నంలో పప్పు కలిపితే ముట్టడు. ఇల్లు కురిసినప్పుడల్లా నీలం బకెట్ తెచ్చి, అందులో వాళ్లమ్మ పాత చీర మడతపెట్టి చుక్క కింద ఉంచుతాడు. రాంచందర్ సారుకు ఇంకేం కావాలి? గోడ అవతలి నుంచి రోజూ అదే గోల.

"నీలం బకెట్ దేనికి ప్రతీకరా, నాగరాజు?"

"నీళ్లకు సార్."

"గట్ల గాదు. జర లోతుకు పో!"

"బోరు నీళ్లకు సార్."

ఆ క్లాసులోనే సృజన అనే అమ్మాయి ఉంది. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపేవాళ్ల పిల్ల, ఇక్కడ మేనత్త ఇంట్లో ఉండి చదువుతోంది. ఫ్యాను కిర్రుమన్నా, గంట మోగినా చెవులు మూసుకుని వరండాలోకి పోయి నిలబడేది. అంతకుముందు రెండు కాలేజీలు అట్లాగే మానేసింది. ఇక్కడైనా పరీక్షల దాకా నిలుస్తుందా అన్నది మా అందరికీ అనుమానమే.

మార్చిలో ఒకరోజు ఆ గదిలోకి పాఠానికి పోతే ఫ్యాను తిరగడం లేదు. రెగ్యులేటరుకు గుండీయే లేదు.

"తెలుగు సారు జేబుల వెట్టుకపోయిండు సార్," అన్నారు పిల్లలు.

పోయి నిలదీశాను.

"నవలను చదివితే సాలది సార్, అనుభవించాలె. ఆగిన ఫ్యాను సమాజం స్తబ్ధతకు ప్రతీక."

"నాకు చెమటలు కారుతున్నయి సార్."

"చెమట శ్రమకు ప్రతీక."

అంతటితో ఆగలేదు. గంట కొట్టే ఇనుప రాడ్‌కు రాయమల్లు చేత పాత సైకిల్ ట్యూబు చుట్టించాడు. గొంతు నొక్కిన గంట అణచివేతకు ప్రతీకట. పీరియడ్ ఎప్పుడైపోయిందో తెలియక, ఆ ఉక్కలో తరుగుదల పాఠం చెప్తూ చెప్తూ నేనే తరిగిపోయాను.

పిల్లలు ఫిర్యాదు చేశారు. ప్రిన్సిపాల్ పద్మలత మేడం మా ఇద్దరినీ పిలిపించింది.

"ఎండలు ముదురుతున్నయి సార్. గుండీ ఇయ్యుండ్రి. లేకుంటే జూన్ల మీకు ఆర్డర్ ఇచ్చుడు కష్టమైతది."

మా కొలువులు ఏటా జూన్‌లో మళ్లీ ఇస్తేనే ఉన్నట్టు. అయినా ఆయన, "గుండీ అధికారానికి ప్రతీక మేడం" అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేడం తల పట్టుకుంది.

బయటికొచ్చాక నాకు ఒళ్లు మండింది. "ప్రతీక కోసం కొలువు వోగొట్టుకుంటరా?"

"ఫికర్ జెయ్యకుండ్రి సార్. పరీక్షలయ్యేదాకనే గదా."

తర్వాత ఒక మధ్యాహ్నం సృజన తల్లి పోశవ్వ సకినాల సంచితో స్టాఫ్ రూముకొచ్చింది.

"ఫ్యాను బందువెట్టిన సారు ఎవలు సారూ?"

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఆయన క్లాసుల ఉన్నడవ్వా. నాకు చెప్పు. మంచిగ తిట్టు."

"తిట్టుడేంది సారూ! గా ఫ్యాను బందైనసంది మా పిల్ల ఒక్క క్లాసు ఇడువలే. మగ్గం సాంచెల నడుమ పుట్టింది, గా సప్పుడు దానికి అలవాటే, ఒక్క తీరుగుంటది. గీ ఫ్యాను కిర్రు, గంట దెబ్బనే పడది. పానం పోయినట్టైతది."

"మరి సారుకెట్ల తెలిసింది?"

"గదేదో కథల బకెట్ల చీర దేనికని అడిగిండట. 'దేనికీ గాదు సార్, చుక్క వడ్డ సప్పుడు ఇనవడద్దని పెట్టిండు' అన్నదట మా పిల్ల. తెల్లారి ఫ్యాను బందు. 'నీ పేరు బయటికి రానియ్య బిడ్డా, పిచ్చోడంటే నన్నే అంటరు' అన్నడట."

నాకు ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. నాకు చెప్పనందుకు కోపమూ వచ్చింది. సకినాలు ఆయన కుర్చీలో పెట్టి, క్లాసుకు పోయాను.

పాఠం మధ్యలో మేడం వచ్చింది. వెనుక కొత్త రెగ్యులేటరుతో ఎలక్ట్రీషియన్, వాళ్ల వెనుక ముఖం వాడిపోయిన రాంచందర్ సారు. బెంచీలో సృజన చేతులు అప్పుడే చెవుల దగ్గరికి పోయాయి.

"ఫ్యాను బందే ఉండాలె మేడం," అన్నాను.

"మీరు గూడనా సార్? కామర్స్‌కు ఫ్యానుతోని ఏం పని?"

జన్మలో ఒక్క ప్రతీకా చెప్పినవాణ్ని కాను. నోటికొచ్చింది అనేశాను. "ఫ్యాను ద్రవ్యోల్బణానికి ప్రతీక మేడం. జోరుగ తిరుగుతది, గాలి మాత్రం ఎవనికీ తాకది."

మేడం నన్ను చూసింది. నా మీదుగా సృజన చేతులను చూసింది.

"సరే, సామాన్లు సదురుకో తమ్మీ," అంది ఎలక్ట్రీషియన్‌తో. గడప దాటుతూ మాతో, "జూన్ల ఇద్దరికీ ఆర్డర్లిస్త. గీ ప్రతీకలు నాకైతే చెప్పకుండ్రి."

ఆమె పోయాక రాంచందర్ సారు దగ్గరికొచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కళ్లు తడిగా ఉన్నాయి. థ్యాంక్స్ చెప్తాడనుకున్నాను.

"ప్రతీక కుదరలే సార్," అన్నాడు మెల్లగా. "ఫ్యాను ఆగింది గదా. ద్రవ్యోల్బణం ఎన్నడన్న ఆగిందా?"