దణ్ణం పెట్టకుండా గోదారి దాటిన రోజు

కొవ్వూరు నుంచి రాజమండ్రి వెళ్ళే బస్సు వంతెన ఎక్కగానే చేతులన్నీ జేబుల్లోకో, కొంగు ముడుల్లోకో వెళతాయి. కిటికీలోంచి ఓ పావలా బిళ్ళ నీళ్ళలోకి విసిరి గోదారమ్మకి దణ్ణం పెడతారు. నేనూ పెట్టేదాన్ని. అదంతా భక్తేనని చాలాకాలం అనుకున్నాను.

పంతొమ్మిది వందల తొంభైల్లో మా ఆయన గుండెపోటుతో పోయారు. కొవ్వూరు రేవులోనే అస్థికలు కలిపాం. ఆయన పనిచేసిన రాజమండ్రి ఆఫీసులో నాకు ఉద్యోగం ఇస్తామంటే, కాగితాలు ఇవ్వడానికి బయల్దేరాను. ముందు వెళ్తున్న ఇసుక లారీ చెడిపోయి, బస్సు సరిగ్గా వంతెన మధ్యలో ఆగింది. కింది అంతస్తు పట్టాల మీద రైలు పోతుంటే కాళ్ళ కింద వంతెన వణికింది. గుండె దడదడలాడింది, ఊపిరి అందలేదు, చేతులు చల్లబడ్డాయి. ఆయనకి వచ్చిందే నాకూ వచ్చిందనుకున్నాను. ఆస్పత్రిలో చూసి గుండె శుభ్రంగా ఉందన్నారు. ఆ మాట నాకు తెలిసింది గాని నా ఒంటికి తెలియలేదు. వంతెన పేరెత్తితే చాలు, చెమటలు పట్టేవి.

గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే ఆర్డరు వచ్చింది. గడువులోగా చేరకపోతే ఉద్యోగం పోయినట్టే. ఇంట్లో మిగిలింది నేనూ, మా అత్తగారూ. మరో ఆధారం లేదు.

గాలి సోకిందన్నారు కొందరు. అత్తగారు తాయెత్తు కట్టించారు, గుప్పిట్లో బిళ్ళ పెట్టి, ఓసారి దాటి చూడమని బస్సెక్కించారు. కళ్ళు మూసుకుని, బిళ్ళ బిగించి, అవతలి ఒడ్డు దాకా దణ్ణం పెడుతూనే ఉన్నాను. దాటాను. మర్నాడు అడుగు తీసి గుమ్మం దాటలేకపోయాను.

చివరికి ఆదివారాలు మా ఊరొచ్చే మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్ళాం. బిహేవియర్ థెరపీ అని ఒకటుందనీ, భయపడే చోటికే కొంచెం కొంచెంగా వెళ్ళి, భయం తగ్గేదాకా అక్కడే ఉండాలనీ చెప్పారు. బస్సులో ఏం చేస్తానో అడిగి అంతా విన్నారు. బిళ్ళా వద్దు, దణ్ణమూ వద్దు, కళ్ళు మూయనే వద్దన్నారు.

"దణ్ణం మీద నాకేం కోపం లేదండి. కానీ అది పెట్టబట్టే బతికానని మీ మనసు అనుకుంటోంది. పెట్టకుండా దాటితేగాని ఆ మాట తప్పని దానికి తెలీదు. భయం వరదలాంటిదండి, ఎంత వచ్చినా తగ్గుముఖం పట్టి తీసేస్తుంది. తీసేదాకా మీరు ఉండాలంతే."

నాకు ఒళ్ళు మండింది. దాటేది నేను, చెప్పేది ఆవిడ. అత్తగారు మాత్రం ఇంటికి వచ్చాక గుమ్మంలోనే కూలబడ్డారు.

"మొక్కకుండా ఎలా వెళతావమ్మా? నా బిడ్డ ఉన్నది అందులోనేగా."

ఆవిడ పక్కనే కూర్చుని ఏడ్చాను.

అయినా మొదలుపెట్టాను. మొదట వంతెన మొదట్లో ఊరికే నిలబడడం. తర్వాత కాస్త దూరం నడవడం. గుండె అదిరేది, కాళ్ళు వెనక్కి లాగేవి. నిలబడితే, నిజంగానే, కాసేపటికి భయం తీసేది. అత్తగారు రోజూ వెనకాలే వచ్చి, ఇదేం బస్సు వైద్యమో, బస్సే ఎక్కకుండా అని సణుగుతూ ఎండలో నిలబడేవారు.

గడువు ముగిసే రోజు బస్సెక్కాను. ఆవిడా ఎక్కి పక్కన కూర్చున్నారు. వంతెన రాగానే ముందు సీట్ల వాళ్ళు బిళ్ళలు విసిరారు. నా చేతులు ఒళ్ళో పెట్టుకుని నీళ్ళకేసి చూశాను. లంకలు, పడవలు, ఎండకి మెరిసే నీళ్ళు. మధ్యకి వచ్చేసరికి భయం గొంతుదాకా వచ్చింది. కళ్ళు మూయలేదు. ఆయన ఇందులోనే ఉన్నారు, నేను బతికే ఉన్నాను అనుకున్నాను. అవతలి ఒడ్డు చెట్లు కనిపించేసరికి ఊపిరి దానంతటదే సర్దుకుంది.

అప్పుడు చూశాను అత్తగారిని. పుట్టి బుద్ధెరిగాక మొక్కకుండా గోదారి దాటని మనిషి, రెండు చేతులతో ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. వేళ్ళు తెల్లబడిపోయాయి.

బస్సు దిగాక, మిమ్మల్ని దణ్ణం పెట్టొద్దని డాక్టరుగారు అనలేదు కదా అత్తయ్యా అన్నాను.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకున్నారు.

"నువ్వొక్కదానివీ మానేస్తే వాడు నీమీద అలుగుతాడేమోనని. ఇద్దరం మానేస్తే, అమ్మ కూడా మానేసిందంటే ఏదో పనుందిలే అనుకుంటాడు. పద, ఆఫీసుకి వేళవుతోంది."