కొసరు చుట్టు... ముందుకా, వెనక్కా?

మా చిన్నప్పుడు... మాఘ పౌర్ణమి వస్తోందంటే చాలు, పాకాలలో మా ఇంటి ముందు కొయ్య రంగులరాట్నాన్ని విడదీసి లారీకి ఎక్కించేవాళ్లం. నాయుడుపేట దాటి సముద్రం ఒడ్డుకు ప్రయాణం... అక్కడ తిరునాళ్లు. జనం సముద్రంలో మునిగి, తడిబట్టలతోనే మా రాట్నం దగ్గరికి వచ్చేవాళ్లు.

నాలుగు తొట్లు, ఒక ఇరుసు, మా నాయన రెండు చేతులు... అంతే మా యంత్రం.

కూరగాయల బుట్టలో కొసరు వేసినట్టే మా రాట్నానికీ కొసరు ఉండేది. ఇవ్వాల్సిన చుట్లు అయిపోయాక నాయన రాట్నం ఆపి, తొట్లలో పిల్లల్ని అడిగేవాడు... "కొసరు ముందుకా, ఎనక్కా?" అని. అందరూ వెనక్కే కావాలనేవాళ్లు. వెనక్కి తిరిగితే కడుపులో గిలిగింతలు పుడతాయి మరి...

ఒక ఏడు మేం పోయేసరికి మా చోటుకు ఎదురుగా మద్రాసు జైంట్ వీల్ నిలబడి ఉంది. జనరేటరు, రంగు బల్బులు, మైకు... తాటిచెట్టంత ఎత్తు. జనమంతా అక్కడే. మా తొట్లు గాలికి ఉత్తినే ఊగుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం దాని యజమాని మా దగ్గరికి వచ్చాడు. ఈ కొయ్యను కట్టెల అడితిలో అమ్మేయండి, నా దగ్గర టికెట్లు చింపే పని ఇస్తాను అన్నాడు. ఎగతాళిగా కాదు, జాలిగానే అన్నాడు... అందుకే ఇంకా ఒళ్లు మండింది. ఆ రాట్నం మా తాత తన చేత్తో చేసింది. నాయన తల వంచుకున్నాడు... ఒప్పేసుకుంటాడేమోనని నాకు భయం.

మా అమ్మ కొంగు నడుముకు చుట్టింది.

"మాది ఎనక్కి కూడా తిరగతాదన్నా. నీది తిరగతాదేమో పోయి సూడు."

అంతటితో ఊరుకుందా... పోయి జైంట్ వీల్ మెట్ల పక్కన నిలబడి, దిగినవాళ్లనంతా కొసరు ఇచ్చారా అని అడగడం మొదలుపెట్టింది. ఇంకేముంది, మా వైపు జనం కొసరు పడందే వంకాయలు కూడా తీసుకోరు! తర్వాత ఎక్కినవాళ్లు చుట్లు అయిపోయినా దిగలేదు. కడ్డీ పట్టుకుని కూర్చున్నారు. పాపం, ఆయన వేరే దారి లేక ఒక చుట్టు తిప్పాడు. పైనుంచి కుర్రాళ్లు "ఎనక్కి" అని అరిచారు. ఆయన స్విచ్చి ఎన్నిసార్లు నొక్కినా అది ముందుకే తిరిగింది.

ఆ సాయంత్రం మా తొట్లు ఖాళీగా లేవు. నాయన భుజాలు నొప్పి పుడితే అమ్మ రెండోవైపు నుంచి తోసింది.

జైంట్ వీల్ ఓడిపోయిందని చెప్పను. మరుసటి ఏడూ వచ్చింది, ఇంకా పెద్దదయి వచ్చింది. మేమూ పోయాం. జనం ఏటేటా తగ్గినా పోయాం. నాయన చేతుల్లో సత్తువ ఉన్నన్నాళ్లూ ఆ కొయ్య అడితి మొహం చూడలేదు.

మొన్న మనవరాలితో ఒక పెద్ద పార్కుకు పోయాను. చేతికి కాగితం పట్టీ కట్టి జైంట్ వీల్ ఎక్కించారు, చుట్లు అయిపోగానే బెల్లు కొట్టారు, దిగమన్నారు. నేను దిగలేదు... కొసరు ఏదీ అన్నాను. దాన్ని తిప్పే అబ్బాయికి ఆ మాటే తెలియదు. ఇప్పుడు అడిగేవాళ్లు లేరు, ఇచ్చేవాళ్లూ లేరు...

నేను మాత్రం అడుగుతూనే ఉంటాను. మీకు చిన్నప్పుడు కొసరు చుట్టు ఎవరు తిప్పారో చెప్పండి... ముందుకా, వెనక్కా?