పడమటి సెల్లు కిటికీ

ఆర్మూర్‌లో ఏసయ్యకు తెలియని సంగతి ఉండదు. బస్సులో ఆయన పక్క సీట్లో కూర్చున్నవాడు జక్రాన్‌పల్లి దాటేలోపు తన పుట్టుపూర్వోత్తరాలన్నీ అప్పజెప్పి దిగాల్సిందే. నలుగురినీ నాలుగు మాటలు అడగనిదే ఈయనకు అన్నం అరగదు. అలాంటి మనిషికి దేవుడిచ్చిన ఉద్యోగం చూడండి: జైలు వార్డరు, అందులోనూ హై సెక్యూరిటీ బ్లాకులో. అక్కడ ఖైదీతో పనిమాట తప్ప రెండో మాట మాట్లాడకూడదు.

పొద్దున్నే తాళాలు తీయడం, ఖైదీలను లెక్కపెట్టడం, దుప్పట్లు దులిపించడం, ఊచలను కర్రతో ఒక్కొక్కటీ కొట్టి చప్పుడు వినడం. రంపం పడిన ఊచ చప్పుడు వేరేగా ఉంటుంది. కూర జైలరు రుచి చూశాకే లోపలికొచ్చేది. రాత్రి డ్యూటీలో బ్లాకు తాళంచెవి గేటు దగ్గరికి వెళ్లిపోయేది కాబట్టి ఖైదీలతో పాటు ఏసయ్య కూడా లోపలే బందీ. ఇంటికొచ్చాక మాత్రం భార్య రూత్ బుర్ర తినేసేవాడు.

"గాడ మూసుకున్న నోరంత నా మీద తెరుస్తడు" అని ఆమె నవ్వేది.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయనను తొలిచేసిన ప్రశ్న ఒకటుంది. పడమటి వైపు సెల్లులో దేవిదాస్ అనే రైతు ఉండేవాడు. పొలం గట్టు తగాదాలో మనిషిని చంపి శిక్ష పడినవాడు. కోర్టుకు తీసుకెళ్తుంటే ఒకసారి పారిపోబోయి దొరికాడని ఒంటరిగా ఉంచారు. చలి తగ్గే రోజుల్లో, సాయంత్రం కాగానే, అతను పైనున్న చిన్న కిటికీ కింద గోడకు ఆనుకుని, మొహం పైకెత్తి, కళ్లు మూసుకుని నిలబడేవాడు. ఆ కిటికీలోంచి ఆకాశం తప్ప ఏమీ కనపడదు. మరి కళ్లు మూసుకుని అక్కడ ఏం చేస్తున్నట్టు? ఏసయ్యకు కడుపు ఉబ్బిపోయేది. అడగడానికి లేదు.

వింత ఏది కనపడ్డా పైవాళ్లకు చెప్పాలన్నది రూలు. చెప్పాడు. సెల్లంతా వెతికారు, ఏమీ దొరకలేదు. బయటి నుంచి ఎవరైనా సైగలు చేస్తున్నారేమోనని దేవిదాస్‌ను తూర్పు సెల్లుకు మార్చారు. అక్కడ అతను మళ్లీ ఎన్నడూ అలా నిలబడలేదు. ఆ ప్రశ్న కడుపులో పెట్టుకునే ఏసయ్య రిటైరయ్యాడు.

మొన్న సీజన్‌లో మార్కెట్ యార్డులో పసుపు బస్తాల పక్కన దేవిదాస్ కనపడ్డాడు. శిక్ష పూర్తయింది, గడ్డం నెరిసింది. ఏసయ్య కాళ్లు ఆగలేదు.

"గుర్తుపట్టినవా దేవిదాస్?"

"పట్టకేమి సార్. రోజు చూస్తిమి గద."

"ఓ మాట అడుగుత, ఏమనుకోకు. గా కిటికి కింద ఎందుకు నిలబడుతుంటివి?"

దేవిదాస్ కాస్త సిగ్గుపడ్డాడు. "వాసన సార్. గోడ అవుతల ఊర్లె పసుపు ఉడకబెడుతుండిరి. గాలి మర్లితే సెల్లుల దాక వస్తుండె. కండ్లు మూసుకుంటె మా అవ్వ, నేను కడాయి కాడ ఉన్నట్టే అనిపిస్తుండె. గంతే."

పసుపు పండే ఆర్మూర్‌లో పుట్టినప్పటి నుంచీ ఆ వాసనలోనే పెరిగిన మనిషి ఏసయ్య. ఆ సెల్లు ముందు వరండాలోనే నిలబడి అదే గాలి పీలుస్తూ, దాన్ని పట్టించుకోనే లేదు.

"అటు దిక్కు మార్చినంక రాలే సార్," అన్నాడు దేవిదాస్. "ఎందుకు మార్చిండ్రో ఇయ్యాల్టికి తెల్వదు. మీకేమన్న ఎరుకనా?"

ఊరందరినీ ప్రశ్నలతో వేపుకుతినే మనిషికి, తననే ఒకరు అడిగితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. తెలియదని తప్పుకోవచ్చు. ఎవరూ పట్టుకునేది లేదు. కానీ ఆ మొహం చూస్తూ అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"నేనే చెప్పిన పైకి. ఏదో ప్లాన్ జేస్తున్నవనుకున్న" అన్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

దేవిదాస్ పక్కనున్న బస్తా మూతి సర్దాడు. అతనికి కోపం రాలేదు. వచ్చినా బాగుండేదనిపించింది ఏసయ్యకు.

"అడిగితే చెప్తుంటి గద సార్," అన్నాడు. "గన్నేండ్లల్ల ఎవ్వలన్న నన్నొక్క మాట అడుగుతరేమో అని చూస్తుంటి."