మోకాలి కింద దిండు

మా ఆయనను కేర్ హోమ్‌లో దింపి వచ్చిన రోజున ఒక్కటే మాట చెప్పాను. "నా మోకాలు బాగవగానే వచ్చి తీసుకెళ్తానండీ. కొద్ది రోజులే." ఆయన నా కాలి వంక చూసి తల ఊపారు. పక్షవాతం వచ్చాక ఆయన నోట్లో మిగిలిన మాటలు బహు తక్కువ. అవి కూడా తెలుగు మాటలే. ఈ కెనడాలో, విన్నిపెగ్‌లో ఇంజినీరుగా పనిచేసినన్నాళ్ళూ మీటింగుల్లో గడగడా మాట్లాడిన ఇంగ్లీషు ఒక్క ముక్క లేకుండా పోయింది.

ఇంట్లో ఆయనను చూసుకునేదాన్ని నేనే. పొద్దున్నే నా భుజం పట్టించి మంచం మీంచి లేపడం, వీల్‌చెయిర్‌లోకి మార్చడం, స్నానం, తిండి, అన్నీ. హోమ్ కేర్ అమ్మాయి కాసేపు వచ్చి వెళ్ళేది. ఆయనను లేపేటప్పుడు బరువంతా నా కుడి మోకాలి మీద పడేది. లోపల ఎముకకు ఎముక రాసుకునే చప్పుడు నాకే వినిపించేది. ఆపరేషన్ వెయిటింగ్ లిస్టులో ఏడాదికి పైగా పడి ఉన్నాను. ఈలోగా ఒకరోజు ఆ మోకాలు ఉన్నపళంగా మడతపడింది, ఆయనతో సహా కింద పడ్డాను. అంబులెన్స్ వచ్చేదాకా ఇద్దరం కార్పెట్ మీద పక్కపక్కనే పడి ఉన్నాం. ఆయన నా చెయ్యి పట్టుకుని "పద, పద" అంటూనే ఉన్నారు.

ఆ తర్వాతే నాకు ఆపరేషన్ డేటు దొరికింది, ఆయనకు తాత్కాలికంగా కేర్ హోమ్‌లో మంచం దొరికింది. హోమ్ కేర్ కోఆర్డినేటర్ ఇంటికి వచ్చి, నవ్వుతూ, మెత్తగా విషయం చెప్పింది. నా మోకాలు తొంభై డిగ్రీలు వంగాలి. నా అంతట నేను కుర్చీలోంచి లేవాలి, మెట్లెక్కాలి. అప్పుడైతేనే ఆయనను ఇంటికి పంపిస్తారు. లేకపోతే పర్మనెంట్ బెడ్‌కు అప్లై చేద్దామంది. నాకు ఒళ్ళు మండింది. మా ఆయన పర్మనెంట్‌గా ఎక్కడ ఉండాలో చెప్పడానికి నువ్వెవతివమ్మా అని నోటిదాకా వచ్చింది. "ఓకే, థాంక్యూ" అన్నాను.

ఈ దేశంలో మోకాలు కోసి, లోపల లోహం బిగించి, మర్నాడే చేతికి వాకర్ ఇచ్చి ఇంటికి పంపించేస్తారు. మా అమ్మాయి వాంకూవర్‌లో పచ్చి బాలింత, రాలేదు. వచ్చింది మా వదిన, అంటే మా ఆయన సొంత అక్క. ఒంటారియోలోని కేంబ్రిడ్జ్‌లో కొడుకు దగ్గర ఉంటుంది. తల్లి పోయాక మా ఆయనను పెంచిందే ఆవిడ. పెళ్ళయి వచ్చిన రోజు నుంచీ నేను ఆవిడ మాటకు ఎదురు చెప్పి ఎరగను. చెప్పాలనిపించినా ఆ ముఖం చూస్తే అచ్చం ఆయన ముఖమే, నోరు పెగలదు.

ఆవిడకు తెలిసిన పథ్యం ఒక్కటే, బాలింత పథ్యం. వాళ్ళింట్లో ఎన్ని కాన్పులకు చేసిందో, అదంతా తెచ్చి నా మోకాలికి చేసింది. పప్పు వద్దు, కుట్లు చీము పడతాయి. వంకాయ వద్దు, దురద. గుడ్డు ఊసే ఎత్తొద్దు. బీరకాయ కూర, పొట్లకాయ కూర, వెల్లుల్లి కారం, మిరియాల చారు. మంచినీళ్ళు కూడా గుక్కెడే. చెవుల్లో దూది పెట్టి తలకు మఫ్లర్ చుట్టింది. అరవై ఎనిమిదేళ్ళ వయసులో మళ్ళీ బాలింతనయ్యాను, బిడ్డ ఒక్కటే తక్కువ.

"నువ్వు కదలకమ్మాయ్. కోసిన కాలు అది, అతుక్కోవద్దూ?" అని మంచం దగ్గరికే అన్నీ అందించేది. మోకాలి కింద మెత్తటి దిండు ఒకటి మడిచి పెట్టింది. అబ్బ, ఆ దిండు! అది పెట్టగానే నొప్పి సగం తగ్గి ప్రాణం లేచొచ్చింది. హాస్పిటల్ వాళ్ళు ఇచ్చిన నొప్పి మాత్రలు మాత్రం ఆవిడ చేతిలోకి వెళ్ళిపోయాయి. "మత్తు బిళ్ళలు అలవాటైతే మానలేవు, తట్టుకో" అంది. మాత్ర లేకుండా కాలు కదిపితే చుక్కలు కనిపించేవి. అందుకని కదపలేదు. ఎక్సర్‌సైజుల బొమ్మలున్న కాగితం ఫ్రిజ్ మీద అలాగే ఉంది. ఇంట్లో ఇద్దరం సంతోషంగానే ఉన్నాం. ఆవిడ సేవ చేస్తున్నానని, నేను కోలుకుంటున్నానని.

రోజూ మధ్యాహ్నం కేర్ హోమ్ నుంచి వీడియో కాల్. అక్కడ పనిచేసే ఒకావిడ ఫోను ఆయన ముఖం ముందు పట్టుకునేది. ఒకరోజు ఆయన పెదాలు తడుపుకుంటూ "నీళ్ళు" అన్నారు. ఆవిడ నవ్వి, దుప్పటి భుజాల దాకా కప్పింది. ఆయన మళ్ళీ "నీళ్ళు" అన్నారు. ఆవిడ కిటికీ తెర జరిపింది. నేను ఇక్కడి నుంచి "వాటర్! హీ వాంట్స్ వాటర్!" అని గొంతు చించుకున్నాను. "ఓ, సారీ మ్యామ్, సారీ" అని పరుగెత్తి తెచ్చింది. ఆయన గటగటా తాగేశారు. నేను ఫోనులో లేనప్పుడు ఎన్నిసార్లు అడిగి ఊరుకున్నారో! బుగ్గలు లోపలికి పోయాయి. వాళ్ళు పెట్టే మెత్తటి ఆలూ ముద్దను ఆయన నాలుకతో బయటికి నెట్టేస్తున్నారట. నేను వెళ్ళి పెట్టాలి. నా చేత్తో పెట్టాలి. ఆ ఆత్రం నన్ను తినేసేది.

మొదటిసారి ఫిజియోథెరపీకి వెళ్ళినప్పుడు అక్కడి అమ్మాయి నా కాలి పక్కన వంపు కొలిచే ప్లాస్టిక్ కొలబద్ద పెట్టి చూసి, మళ్ళీ చూసింది. కాలు తిన్నగా చాపితే సాగడం లేదు, వంచితే వంగడం లేదు. ఇంట్లో కాలు ఎలా పెట్టుకుంటున్నారని అడిగింది. దిండు సంగతి చెప్పాను. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. మోకాలి కింద దిండు అసలే పెట్టకూడదట. హాయిగా అనిపించే ఆ వంపులోనే కీలు బిగుసుకుపోతుందట, లోపల గాయం మానేచోట మచ్చ కట్టి సిమెంటులా గట్టిపడుతుందట. మాత్ర వేసుకునే ఎక్సర్‌సైజు చెయ్యాలి, పప్పులు, గుడ్లు బాగా తినాలి, లేకపోతే కండ రాదు అంది. ఇలాగే ఉంటే మళ్ళీ మత్తిచ్చి కాలు బలవంతంగా వంచాల్సి వస్తుందని, అప్పటికీ ఎంత వంగుతుందో చెప్పలేమని అంది. నేను విన్నది ఒక్కటే. ఆయన ఇంటికి రారు.

ఇంటికి వచ్చాక చెవుల్లో దూది పీకి అవతల పారేశాను. "ఏమైందే?" అంది వదిన. నా జీవితంలో మొదటిసారి ఆవిడ మీద అరిచాను.

"ఏమైందా? నా కాలు కర్రయిపోయింది, అదైంది. మీ పథ్యం తగలెయ్య! నేను ఇక్కడ మంచమెక్కి పొట్లకాయ కూర తింటుంటే అక్కడ మీ తమ్ముడు నీళ్ళకి నోరెండి చస్తున్నాడు. ఈ కాలు వంగకపోతే ఆయన ఇక ఇంటికి రాడు వదినా! ఎప్పటికీ రాడు!"

ఆవిడ కుర్చీలో కూలబడిపోయింది. "నాకేం తెలుసమ్మా? నీకు నొప్పి తగ్గిందన్నావుగా" అని చాలాసేపు ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు. అసలు ఆ దిండు తియ్యొద్దని బతిమాలింది నేనే కదా, ఆవిడనేం అనను? తర్వాత ఆవిడే లేచి కుక్కర్‌లో పప్పు పడేసింది. నొప్పి మాత్ర, గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి చేతిలో పెట్టింది.

ఆ తర్వాత మా ఇంట్లో జరిగింది యుద్ధమే. నేను కుర్చీలో కూర్చుంటే వదిన నా ఎదురుగా ముక్కాలి పీట వేసుకుని, మడమ పట్టుకుని వెనక్కి నెట్టేది. నేను కేకలు పెట్టేదాన్ని. "అరువు. ఎంత అరుస్తావో అరువు. తలుపులు అన్నీ వేసే ఉన్నాయి" అనేది, కళ్ళనీళ్ళు కారుతున్నా పట్టు వదలకుండా. "వద్దొదినా, చచ్చిపోతాను" అంటే, "చచ్చిపోతే వాడికి ముద్దెవరు పెడతారే?" అనేది. ఆ మాటతో మళ్ళీ కాలు ఇచ్చేదాన్ని. బయట ముక్కు రాలిపోయే చలి, లోపల నాకు ఒళ్ళంతా చెమట. వీడియోలో మా అమ్మాయి చూసి "ఆర్ యూ గైస్ ఓకే?" అని హడలిపోయేది. చలికాలమంతా ఆ కుర్చీ, ఆ అరుపులే. మంచు కరగడం మొదలయ్యే వేళకు ఫిజియో అమ్మాయి కొలిచి, కొలబద్ద పక్కన పెట్టి, నన్ను కౌగిలించుకుంది. తొంభై దాటింది.

ఆ రోజు నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. వదిన, నేను కలిసి ఆయన మంచం దుప్పట్లు మార్చాం, గోరుచిక్కుడుకాయ కూర వండాం. కేర్ హోమ్‌కు వెళ్ళాం. అక్కడ కోఆర్డినేటర్ నన్ను కుర్చీలోంచి లేవమంది, లేచాను. మెట్లెక్కమంది, ఎక్కాను. తర్వాత ఆయనను లేపి చూపించమంది.

ఎప్పటిలాగే ఆయన చెయ్యి నా భుజం మీద వేసుకుని "లేవండి" అన్నాను. ఆయన లేవబోయారు. పాపం, ప్రయత్నించారు. కాళ్ళు కదల్లేదు. ప్యాంటు లోపల ఆ కాళ్ళు రెండూ పుల్లల్లా తగిలాయి. ఇన్ని నెలలు అక్కడ ఆయనను నిలబెట్టినవాళ్ళు లేరు, మిషన్‌తో ఎత్తి కుర్చీలో దించేవారు. మళ్ళీ పట్టాను. "పద" అని ఆయనే అంటున్నారు, కాళ్ళు మాత్రం రావడం లేదు. వదిన అటుపక్క పట్టింది. కోఆర్డినేటర్ వచ్చి మా చేతులు మెల్లగా విడిపించింది. ఇకమీద ఇద్దరు మనుషులు, లిఫ్ట్ మిషన్ లేకుండా ఆయనను కదపడం కుదరదట. ఇంట్లో అది సాధ్యం కాదట.

ఆయన గదిలోంచి కారిడార్‌లోకి వచ్చాక నేను తిట్టాను. బతిమాలాను. నా మోకాలు చూడమని, వంగుతోంది చూడమని ఆవిడ ముందు వంచి చూపించాను. అందరి ఎదుటా, మళ్ళీ మళ్ళీ వంచి చూపించాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంది గానీ మాట మార్చలేదు. పర్మనెంట్ బెడ్ అయింది. వదిన కేంబ్రిడ్జ్ వెళ్ళిపోయింది.

మర్నాడు నన్ను చూడగానే ఆయన "ఇంటికి" అన్నారు. ఏం చెప్పను? మీ కాళ్ళు చచ్చుబడ్డాయండీ, ఇక మీరు రాలేరండీ అని ఏ నోటితో చెప్పను?

ఇప్పుడు రోజూ వెళ్తాను. బస్సు దిగి, లిఫ్ట్ కోసం చూడకుండా చకచకా మెట్లెక్కుతాను. మోకాలు బ్రహ్మాండంగా ఉంది, ఎక్స్‌రే చూసి సర్జన్ మురిసిపోయాడు. ఆయన గది గుమ్మం దగ్గరికి వచ్చాక మాత్రం గోడ పట్టుకుని కుంటడం మొదలుపెడతాను. ఆయన నా కాలి వంక చూసి "నొప్పా?" అంటారు.

"ఇంకా తగ్గలేదండీ. తగ్గగానే ఇంటికి పోదాం" అంటాను.

ఆయన బాగున్న చెయ్యి చాచి నా మోకాలు నిమురుతారు.